ఇరవై రెండా, ఇరవై ఎనిమిదా?

సంత్రాగాఛి,
ఫిబ్రవరి 24.

మైథిలీ,

నీ ఆరోగ్యం సంగతి తర్వాత అడుగుతాను. ముందు పని.

ఫోన్‌లో మాట్లాడుకోవడం ఇక మన వల్ల కాదు. మొన్న నేను అరిచిన అరుపులకి మన ఫ్లాట్ సంగతులన్నీ ఈ వీధికంతా తెలిసిపోయాయి, నీకు తప్ప. నీ చెవులు అలా అయ్యాయి. వాట్సాప్‌లో పెట్టమంటావు. నా డబ్బా ఫోన్‌కి ఆ యోగం లేదు. పెద్ద ఫోన్ కొని దాని ముందు తలవంచుకు కూర్చునే యోగం నాకూ అక్కర్లేదు. కాబట్టి ఉత్తరాలే. ఖర్గ్‌పూర్ రైల్వే బడిలో మనం నేర్చుకున్న తెలుగుకి కాస్త తుప్పైనా వదులుతుంది.

మన న్యూ టౌన్ ఫ్లాట్ అగ్రిమెంటు మార్చి ఆఖరుతో అయిపోతోంది. రిటైరైన డబ్బు కలిపి ఇద్దరం ఆ ఫ్లాట్ కొన్నప్పుడు హౌరా స్టేషన్‌లో ఎంత నవ్వారు! టికెట్లు అమ్మినావిడా, టికెట్లు అడిగినావిడా కలిసి ఇల్లు కొన్నారు, ఇక ఆ గడప దాటాలన్నా టికెట్ కొనాలి అన్నారు. నవ్వినవాళ్ళు ఇప్పటికీ అద్దె ఇళ్ళలోనే ఉన్నారు. మనం నెలకి ఇరవై రెండు వేలు అద్దె పుచ్చుకుంటున్నాం. ఆ ఇరవై రెండు అలాగే ఉంచాలా, పెంచాలా?

మింటూ అనే ఇళ్ళ దలాలు వచ్చాడు. తలకి పట్టించిన నూనె బుర్రలోకి కూడా దిగినట్టుంది. "మెట్రో వస్తోంది దీదీ, ముప్పై అడగండి" అన్నాడు. ఎక్కడరా మెట్రో అంటే రెండు స్తంభాలు చూపించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మళ్ళీ అదే నోటితో మన అంతస్తులోనే రెండు ఫ్లాట్లు ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నాయనీ, కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయనీ చెప్పాడు. పెరుగుతుందా తగ్గుతుందా తేల్చి చెప్పరా అంటే, "మార్కెట్ మబ్బు పట్టినట్టుంది దీదీ" అన్నాడు. మబ్బు పట్టిందని చెప్పడానికి నెల అద్దె కమీషను!

మన అద్దెదారుల్ని కూడా చూసొచ్చాను. సాయివర్ధన్, మౌక్తిక. నిజామాబాద్ నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్ళు. నువ్వు పలాస వెళ్ళిపోయాక చేరారు కనక నువ్వు చూడలేదు. అతను ఏదో కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఆమె ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. ఆ అబ్బాయి మనిషిని చూసి మాట్లాడడు, గోడని చూసి మాట్లాడతాడు. టీ ఇచ్చారు. పాలు లేవు. నల్లటి నీళ్ళు. ఇప్పుడదే నాగరికత కాబోలు. పనిమనిషిని మానిపించేశారట. ఎందుకమ్మా అంటే "మా పని మేమే చేస్కుంటం ఆంటీ, ఎక్సర్‌సైజ్ అయితది" అని నవ్విందా పిల్ల. లక్షలు సంపాదించేవాళ్ళకి చీపురు పట్టుకోవడం కూడా వినోదమే.

నీ అభిప్రాయం రాయి. నీ తరఫున సంతకం పెట్టే హక్కు నాకు రాసిచ్చావు గానీ, నిన్ను అడగకుండా పెట్టేంత మర్యాద తెలియనిదాన్ని కాదు. అడిగి, ఆ తర్వాత నాకు తోచింది చేస్తాను.

జ్ఞానప్రసూన


పలాస,
మార్చి 3.

జ్ఞానక్కకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా చెల్లెలు మేడ మీదికి వచ్చి ఏమైందని అడిగింది. ఇక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీల పొగ, నా చెవుల్లో హోరు తప్ప వేరే విశేషాలు లేవు.

అద్దె పెంచొద్దక్కా.

మింటూ చెప్పిన రెండో మాటే నిజం అనుకో. మన అంతస్తులో ఖాళీగా ఉన్న ఆ రెండు ఫ్లాట్ల వాళ్ళూ ముప్పై అడిగే ఉంటారు. పిల్లలు మంచివాళ్ళలాగే ఉన్నారు. గొడవలు లేవు, పార్టీలు లేవు. వాళ్ళు వెళ్ళిపోతే ఎన్నాళ్ళు తాళం పెట్టుకోవాలో ఎవరికి తెలుసు? నీకు బ్యాంకుకి వెళ్ళడం ఇష్టం లేదని అద్దె నా ఖాతాకి వచ్చేలా పెట్టాం. నీ సగం అయిదో తారీఖుకల్లా నీకు చేరుతోంది కదా. అంతకంటే మనకేం కావాలి?

ఈ ఏడాదికి ఇరవై రెండు మీదే ఉండనివ్వు. వచ్చే ఏడు చూద్దాం. మోకాళ్ళకి ఆ నూనె రాసుకుంటున్నావా?

మైథిలి


సంత్రాగాఛి,
మార్చి 12.

మైథిలీ,

మోకాళ్ళు నావి, నూనె నాది. ఆ సంగతి వదిలెయ్.

నీ ఉత్తరంలో కారణం కోసం వెతికాను. "మంచివాళ్ళలాగే ఉన్నారు" అని మాత్రం దొరికింది. నువ్వు బుకింగ్ కిటికీ వెనకాల కూర్చుని ముప్పై ఏళ్ళు మనుషుల చేతులే చూశావు, ముఖాలు చూడలేదు. ముఖాలు చూసింది నేను. టికెట్ లేనివాడు నన్ను చూడగానే వేగం పెంచుతాడా, తగ్గిస్తాడా, పక్కవాడితో ఎందుకు మాట్లాడతాడు, అన్నీ నాకు తెలుసు. ఇరవై గజాల దూరం నుంచే చెప్పేసేదాన్ని.

మార్కెట్ అన్నావు కనక మార్కెట్టే చూసొచ్చాను. ఇల్లు కావాల్సినదానిలా మింటూతో ఆరు ఫ్లాట్లు తిరిగాను. ఒకాయన ముప్పై రెండు అన్నాడు. వంటింట్లో నిలబడితే తలుపు పడదు. ఇంకొకావిడ ఇరవై తొమ్మిది చెప్పి, "మేము చేపలు వండేవాళ్ళకే ఇస్తాం, కూరగాయలవాళ్ళతో మాకు పడదు" అంది. ఆ ఇల్లు పది నెలలుగా ఖాళీ. చేపలైనా వచ్చి ఉండాల్సింది. అందరూ ఎక్కువ అడుగుతున్నారు, ఎవరూ దిగడం లేదు, దలాలు ఒక్కడే లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతున్నాడు. ఇదీ మార్కెట్. ఇందులో తెలిసేదేమీ లేదు. కాబట్టి మనం చూడాల్సింది మార్కెట్‌ని కాదు, మన అద్దెదారు జేబుని.

ఆ జేబు సంగతి నాకిప్పుడు తెలుసు. మంగళవారం పెన్షన్ పని మీద అవతలి ఒడ్డుకి వెళ్ళాలని హౌరా ఫెర్రీ ఘాట్ దగ్గర దిగాను. పొద్దున్న పదకొండు గంటలు. మెట్ల మీద ఎవరు? మన సాయివర్ధన్. పక్కన ఆఫీసు సంచీ, చేతిలో మరమరాల పొట్లం, కళ్ళు నీళ్ళ మీద.

"ఏటి బాబూ, ఆఫీసు లేదేటి?" అన్నాను.

లేచి నిలబడ్డాడు. "టీమ్ అవుటింగ్ ఆంటీ" అన్నాడు.

"మరి టీమేదీ?"

"వస్తున్నరు ఆంటీ."

నేను పని చూసుకుని రెండు గంటలకి తిరిగొచ్చేసరికి అదే మెట్టు మీద ఉన్నాడు. టీమ్ రాలేదు. పని ఎగ్గొట్టి గంగ ఒడ్డున గాలి పీల్చుకుంటున్నా నెల తిరిగేసరికి జీతం వచ్చి పడే ఉద్యోగం అది. మనం పండగ రోజు కూడా గేటు దగ్గర నిలబడ్డాం. వీళ్ళకి రోజూ పండగే.

ఇంకో సాక్ష్యం నువ్వే ఇచ్చావు. నెల నెలా అయిదో తారీఖుకల్లా నా సగం వస్తోంది. ఒక్క రోజు ఆలస్యం లేదు. ఇబ్బందిలో ఉన్నవాడు అలా కడతాడా? ఇరవై ఎనిమిది అడుగుదాం.

జ్ఞానప్రసూన


పలాస,
మార్చి 18.

జ్ఞానక్కా,

దయచేసి ఆగు.

పెంచాలనే ఉంటే పెంచు గానీ మే నెలాఖరు వరకు ఆగు. రెండే నెలలు. ఎందుకని అడక్కు. మార్కెట్ అనీ, ఖాళీ ఫ్లాట్లు అనీ నేను రాసినవన్నీ సరైన కారణాలు కావని నాకూ తెలుసు. కానీ మన ఇన్నేళ్ళ స్నేహంలో నేను నిన్ను "ఎందుకని అడక్కు" అని ఎన్నిసార్లు అన్నాను? గుర్తు చేసుకో.

ఆ ఘాట్ దగ్గర సంగతి ఆ అమ్మాయితో అనకు. నువ్వు ఎవరి ముఖం చూసినా తప్పే వెతుకుతావక్కా. గేటు దగ్గర అది నీ ఉద్యోగం. గేటు వదిలి ఎనిమిదేళ్ళయింది.

జవాబు వెంటనే రాయి.

మైథిలి


సంత్రాగాఛి,
మార్చి 25.

మైథిలీ,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం పొద్దున్నే న్యూ టౌన్ వెళ్ళి చెప్పేశాను.

కారణం చెప్పకుండా ఆగమంటే ఆగడానికి నేనేమన్నా సిగ్నల్ దగ్గర గూడ్సు బండినా? నీకు ఆ పిల్లల మీద జాలి. ఎందుకో నీకే తెలియదు. తెలిస్తే రాసేదానివి. జాలికి కారణం అక్కర్లేదంటావేమో. అద్దెకి కావాలి.

ఏప్రిల్ ఒకటి నుంచి ఇరవై ఎనిమిది వేలు అని కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. చదివి వినిపించాను. ఆ మౌక్తిక ఉందే, దానికి నోరు నేను అనుకున్నంత కాదు, అంతకు రెట్టింపు ఉంది.

"ఒక్కసారే ఆరు వేలా ఆంటీ? పెంచుడు తప్పని నేనంటలేను. ఎందుకో చెప్పాలె. లిఫ్టు వారంల మూడు దినాలు నడవది. బాల్కనీ పెచ్చులూడుతున్నది. దేనికి ఆరు వేలు?"

"మెట్రో వస్తంది" అన్నాను. నాకే నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

"వచ్చినంక పెంచుండ్రి. నడవని రైలుకు టికెట్ గుంజుతరా?"

నన్ను! టికెట్ గురించి నాకు చెబుతోంది! జవాబు వెతుక్కునేలోపే ఆ అబ్బాయి గోడ వైపు చూస్తూ, "సరే ఆంటీ" అన్నాడు.

"అన్నా! నువ్వెందుకు సరే అంటున్నవ్?" అని చెల్లెలు అరిచింది.

"ఆంటీని కూసోబెట్టు, మంచినీళ్ళియ్యి" అన్నాడు, అంతే.

విన్నావా ఆ "సరే"? బేరం లేదు, నసుగుడు లేదు. అది డబ్బున్నవాడి సరే. నువ్వేమో అక్కడ జీడిపప్పు పొగలో కూర్చుని కన్నీళ్ళు కారుస్తున్నావు. వచ్చే నెల నుంచి నీకు మూడు వేలు ఎక్కువ వస్తాయి. ఆ డబ్బుతో చెవికి మిషన్ కొనుక్కో. నా మాట ఇకనైనా వినబడుతుంది.

జ్ఞానప్రసూన


పలాస,
ఏప్రిల్ 9.

జ్ఞానప్రసూన గారికి,

నువ్వు నడిపించింది చాలు. ఇప్పుడు నేను రాసింది చదువు.

సాయివర్ధన్‌కి నవంబరు నుంచి ఉద్యోగం లేదు. కంపెనీ వాళ్ళు ఒక్క రోజులో అరవై మందిని తీసేశారు, అందులో అతను ఒకడు. డిసెంబరు దాకా ఉన్న డబ్బుతో లాక్కొచ్చాడు. జనవరిలో నాకు వాట్సాప్‌లో రాశాడు, "ఆంటీ, మూడు నాలుగు నెలలు టైం ఇవ్వండి, ప్రతి పైసా కడతాను, మా చెల్లెకు మే నెలాఖర్ల ఆఖరి పరీక్షలున్నయి, అప్పటిదాంక ఆమెకు తెల్వొద్దు" అని. తండ్రి లేడు. చెల్లెలి చదువు అతని జీతం మీదే నడిచింది. ఆ రెండో ఆంటీకి మాత్రం చెప్పొద్దని కూడా రాశాడు. నీకు భయపడ్డాడు.

నేను మాట ఇచ్చాను. జనవరి నుంచి మనకి ఒక్క రూపాయి అద్దె రాలేదు. అయిదో తారీఖుకల్లా నీకు చేరిన సగం నా పెన్షన్‌లోది. నువ్వు దాన్నే సాక్ష్యంగా పట్టుకుని అతని జేబు నిండుగా ఉందని తేల్చావు.

రోజూ తొమ్మిదింటికి సంచీ పుచ్చుకుని బయలుదేరేవాడు, చెల్లెలు చూడాలని. ఎక్కడ కూర్చునేవాడో నాకు తెలియదు. నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. నీళ్ళ ఒడ్డున రోజంతా ఒక్కడే కూర్చున్న కుర్రవాణ్ణి రెండుసార్లు చూసి, పండగ చేసుకుంటున్నాడని రాశావు. ఇరవై గజాల దూరం నుంచి ముఖాలు చదివే మనిషివి! రెండడుగుల దూరంలో నిలబడి కూడా ఏం చదివావక్కా?

ఇక జరిగింది విను. అన్న సరే అన్నా తను ఒప్పుకోనని మౌక్తిక పట్టుబట్టింది. కంపెనీనే అడిగి అన్నకి ఇంటద్దె భత్యం ఎక్కువ ఇప్పిద్దామని, అతనికి చెప్పకుండా సోమవారం ఆ ఆఫీసుకి వెళ్ళింది. గేటు దగ్గర సెక్యూరిటీవాడు జాబితా చూసి, ఆ పేరు గలవాడు ఇక్కడ పనిచేయడం మానేసి నాలుగు నెలలయింది అన్నాడు. వీధిలో నిలబడి నాకు మెసేజ్ పెట్టింది, "ఆంటీ, మీకు ఎరుకేనా?" అని. ఎరుకే అని రాశాను. ఇంకేం రాయను?

మార్చి ముప్పై ఒకటిన ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మనకిచ్చిన అడ్వాన్సుని బాకీ కింద కోసుకోమంది, మిగిలింది నెమ్మదిగా ఇస్తానంది. పరీక్షలు రాయదట. పనిలో చేరుతుందట. ఎక్కడున్నారో చెప్పడం లేదు.

ఇరవై ఎనిమిది వేల ఫ్లాట్ తాళంచెవులు కింద గార్డు దగ్గర ఉన్నాయి. వెళ్ళి తెచ్చుకో.

మైథిలి


సంత్రాగాఛి,
ఏప్రిల్ 23.

మైథిలీ,

నీ ఉత్తరానికి మూడు జవాబులు రాసి చించేశాను. మొదటి దాంట్లో నిన్ను తిట్టాను. నా సొమ్ము పేరుతో నాకే అబద్ధం పంపావని, నువ్వు ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ గడప తొక్కేదాన్నే కాదని. అది నిజమే. రెండో దాంట్లో ఆ కుర్రవాణ్ణి తిట్టాను. అదీ కొంత నిజమే. మూడోదాంట్లో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

న్యూ టౌన్ వెళ్ళాను. "ఓరా చోలే గ్యాఛే, మాసీమా" అన్నాడు గార్డు, వాళ్ళు వెళ్ళిపోయారు పిన్నీ అని. తాళంచెవులు చేతిలో పెట్టి నా ముఖంలోకి చూశాడు. ఇల్లు తుడిచిపెట్టి ఉంది. బాల్కనీలో రాలిన పెచ్చులన్నీ ఒక అట్టపెట్టెలోకి ఎత్తి మూల పెట్టారు. చీపురు కూడా కడిగి ఆరబెట్టారు. వెళ్ళగొట్టిన మనిషి ఇంటిని అలా ఎవరు వదిలివెళతారు? సోఫా కూడా లేని ఆ హాల్లో నేల మీద కూలబడ్డాను.

సామాను వ్యాను హౌరా పక్క సల్కియా నుంచి వచ్చిందని గార్డుకి గుర్తుంది. మా పక్కింటి కూర్మయ్య తెలుసుగా, యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనాయన. చెప్తే, "ఏటమ్మా, తెలంగాణ యాస మాట్లాడే పిల్లలు సల్కియాలో ఎంతమంది ఉంతారు? మన శ్రీకాకుళపోళ్ళని అడిగితే రెండ్రోజుల్లో చెప్పెయ్యరా?" అన్నాడు. మూడు రోజులు పట్టింది.

లేత్ మిషన్ల కార్ఖానా మీద ఒక్క గది. కింద ఇనుము కోస్తున్న చప్పుడుకి గోడలు పళ్ళు కొరుకుతున్నట్టున్నాయి. తలుపు ఆ పిల్లే తీసింది. చేతిలో ఇస్త్రీ చేసిన చొక్కా. అన్నకి డాన్‌కునిలో ఒక గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టే పని దొరికింది, మర్నాడు పొద్దున్నే వేసుకెళ్ళడానికి ఆ చొక్కా.

"మిగిలిన అద్దె కోసమొచ్చిండ్రా? జూన్‌ల ఇస్తా" అంది.

"పరీక్ష రాయవా?" అన్నాను.

"అది మీకెందుకు ఆంటీ?"

నిజమే, నాకెందుకు? అప్పుడంది, అరవకుండా, లెక్క చెప్పినట్టు:

"మీరు ఘాట్ కాడ మా అన్నను చూసిండ్రట. రెండుసార్లు చూసిండ్రట. ఆ దినం ఇంటికొచ్చి నాకొక్క మాట చెప్పినా అయిపోతుండె. తిట్టేటందుకన్నా చెప్పొద్దా, నీ అన్న పని ఎగ్గొట్టి తిరుగుతుండని? మీరు తిట్లు కూడా లోపల దాచుకొని ఆరు వేలు చేసుకొచ్చిండ్రు."

మైథిలీ, నలభై ఏళ్ళలో నన్ను ఎన్నో మాటలన్నారు. తాగినవాళ్ళు, ఎమ్మెల్యే బావమరదులు, దొంగ పాసులవాళ్ళు. అవేవీ నాకు తగల్లేదు. ఇది తగిలింది. గడప మీదే కూర్చుండిపోయాను. ఆ పిల్ల మంచినీళ్ళిచ్చింది.

ఫ్లాట్‌కి తిరిగి రమ్మన్నాను, పాత అద్దెకే.

"పాత అద్దె మాత్రం యాడికెళ్ళి తెస్తం?"

"అయితే అద్దె వద్దు."

"మీ దయ మాకొద్దు ఆంటీ. ఊరికె ఉండం."

నిక్కు చూడు! తిట్టబోయి ఆగాను. ఆ నిక్కు నాకు బాగా తెలిసినదే. అప్పుడు తోచింది. మా ఇంటి మేడ మీది గది ఉంది కదా, పాత ట్రంకుపెట్టెలు పడేసింది. దానికి బయటి నుంచి మెట్లు, చిన్న స్నానాల గది. సంత్రాగాఛి నుంచి అతని గోడౌన్‌కి బస్సు ఉంది. కింద లేత్ మిషన్ లేదు, నేనున్నాను. "అద్దెకే ఇస్తానే, ఊరికే ఎవరిస్తారు? ఎంతిస్తావో నువ్వే చెప్పు" అన్నాను.

"కిటికీ ఉన్నదా?" అంది.

"రెండు. ఒకటి పట్టాల వైపు."

"మూడు వేలు" అంది.

నాలుక ఊరుకోదు కదా, "నాలుగు" అన్నాను.

తలుపు వేయబోయింది.

"మూడే, మూడే" అని తలుపుకి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఉన్నన్ని దినాలు పెంచద్దు. చెప్పకుండ పైకి రావద్దు. మా అన్నను ఏమనద్దు" అంది.

అన్నిటికీ సరే అన్నాను. నా సరే డబ్బున్నవాళ్ళ సరే కాదు.

నిన్న వచ్చారు. పై గదిలో దీపం వెలుగుతోంది. పరీక్ష ఫీజు గడువు దాటిందట. జరిమానాతో కట్టొచ్చట. జరిమానాలు వసూలు చేయడమే గానీ కట్టడం నాకిదే మొదటిసారి. అప్పుగా రాసుకుని ఒప్పుకుంది.

జనవరి నుంచి నువ్వు పంపినదంతా తిరిగి పంపుతున్నాను. వద్దనకు. ఇంకేమీ రాయలేను.

జ్ఞానప్రసూన


పలాస,
మే 2.

జ్ఞానక్కకి,

వద్దనలేదు. తీసుకున్నాను. అది నాదే కదా.

నాలుగు అన్నావట! చదువుతుంటే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

తప్పు నీ ఒక్కదానిదే అని నేను అనను. అబద్ధం చెప్పలేదు, ఊరికే చెప్పకుండా ఊరుకున్నాను అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆలోచిస్తే నెల నెలా నేను పంపిందే అబద్ధం. నీకు చెబితే కేకలేస్తావని భయపడ్డాను. నువ్వు నిజంగా ఏం చేసి ఉండేదానివో కనుక్కునే ధైర్యం చేయలేదు. నిన్ను నేనూ దూరం నుంచే చదివేశాను.

అయినా ఒక పని చేశాను. నీకిచ్చిన సంతకం హక్కు వెనక్కి తీసుకున్నాను. ఇక్కడి వకీలు చేత కాగితం రాయించాను, రిజిస్టర్ పోస్టులో వస్తుంది. ఇక ఆ ఫ్లాట్ మీద ఏ మాటైనా ఇద్దరం అనుకున్నాకే. ఎవరైనా సరిగ్గా ఉండేవాళ్ళు వస్తే ఇరవైకైనా ఇచ్చేద్దాం. తగ్గించమన్నా తగ్గిద్దాం. మూతపడ్డ ఇంటికి ఇరవై ఎనిమిది వేలని పేరు పెట్టుకుని మురవడానికి మనం మింటూలం కాదు.

కోపం తెచ్చుకుంటావని తెలుసు. తెచ్చుకో.

మైథిలి


సంత్రాగాఛి,
జూలై 6.

మైథిలీ,

నీ రిజిస్టర్ కాగితం అందినప్పుడు తెచ్చుకున్న కోపం తగ్గడానికి ఇంతకాలం పట్టింది. పోస్టుమాన్ సంతకం పెట్టమంటే నా సంతకం చెల్లదు నాయనా అన్నాను. అతనికి అర్థం కాలేదు.

ముందు ఫ్లాట్ సంగతి. ఏప్రిల్, మే రెండు నెలలూ ఖాళీ, జూన్‌లో సగం ఖాళీ. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకడు వాస్తు కోసం వంటింటి గోడ కొట్టమన్నాడు. ఇంకొకడు కుక్కలకి విడిగా ఒక గది కావాలన్నాడు. మింటూ ఇప్పుడు "మబ్బు విడిపోయింది దీదీ, పద్దెనిమిదికి ఇచ్చేయండి" అంటున్నాడు. ఆఖరికి పెద్ద ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు దొరికారు. నువ్వు సంతకం చేసి పంపిన కాగితం ప్రకారం పంతొమ్మిదికి దిగారు. బాల్కనీ బాగుచేయించాను. లిఫ్టు ఇప్పటికీ వారంలో మూడు రోజులు నడవదు. ఆ సంగతి వాళ్ళకి నేనే ముందుగా చెప్పాను.

ఇక పై గదివాళ్ళు. మౌక్తిక పరీక్షలన్నీ రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. బాగా రాశానంది, ఆ పిల్ల లేనిపోనివి చెప్పే రకం కాదు. చదువుకునేటప్పుడు నేను కింద రేడియో పెట్టేదాన్ని కాదు. ఒక్కసారి మర్చిపోయి పెడితే పైనుంచి నేల మీద రెండు దెబ్బలు పడ్డాయి. కట్టేశాను. నా ఇంట్లో నన్ను! సాయివర్ధన్ మొదటి రెండు వారాలు నన్ను చూస్తే మెట్లు రెండేసి ఎక్కేసేవాడు. ఒకరోజు కూర్మయ్యా నేనూ వాకిట్లో కూర్చుంటే తనే వచ్చి, "ఆంటీ, గోడౌన్ల లారీలు లెక్కవెట్టుడు కూడ తప్పు చేస్తున్న, ఎట్ల పట్టుకుంటరు తప్పు?" అని అడిగాడు. గంటసేపు చెప్పాను. నా ముఖం చూసే విన్నాడు.

అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. జీతం పాతదాంట్లో ముప్పావు వంతు. ఇద్దరూ శుక్రవారం వెళ్ళిపోయారు. బాకీలన్నీ తీర్చేశారు, జరిమానాతో సహా. నేను వద్దని ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఆ పిల్ల ఊరుకోదు.

హౌరాకి వెళ్ళి బండి ఎక్కించాను. ప్లాట్‌ఫారం మీద సామాను సర్దాక మౌక్తిక దిగి వచ్చి వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నేను అనుకోలేదు.

"నా మీద కోపం పోయిందేటే?" అన్నాను.

"పోలే ఆంటీ."

"మరి దణ్ణమెందుకు పెడతన్నావు?"

"పెద్దోళ్ళు. మీ ఇంట్ల ఉన్న. పరీక్షలు రాసిన. అది వేరే, ఇది వేరే" అంది. అని, బండి కదలబోతుంటే పరిగెత్తి ఎక్కింది. అన్న చెయ్యి ఊపాడు. ఆ పిల్ల ఊపలేదు గానీ తలుపు దగ్గరే నిలబడి, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా నన్నే చూసింది.

అక్కణ్ణుంచి నేను వెంటనే కదల్లేకపోయాను. ఎవడో కొత్త టికెట్ కలెక్టరు, గడ్డం కూడా సరిగ్గా రాలేదు, వచ్చి "ప్లాట్‌ఫారం టికెట్ చూపించండి మాసీమా" అన్నాడు. చూపించాను. ఏమీ అనలేదు వాణ్ణి.

నీకూ నా మీద కోపం ఉంది. కాగితం రాయించి మరీ పంపావు. ఉంచుకో, పోగొట్టుకోమని అడగను. కానీ ఆ పిల్లలాగా నువ్వు కూడా అది వేరే, ఇది వేరే అనగలిగితే ఒక ముక్క రాయి. ఆగస్టు మొదటి వారంలో పలాస వస్తాను. నాలుగు రోజులుంటాను. పక్కన కూర్చుంటే అరవక్కర్లేకుండానే మాట్లాడుకోవచ్చు.

స్టేషన్‌కి రావద్దు. ఎండలో నీకెందుకా తిప్పలు, నాకు దారి తెలుసు.

రావద్దన్నాను కదా అని నిజంగానే మానేయకు.

జ్ఞానం